వైరల్ నెమ్ముకు రేడియేషన్: నూట ఇరవై ఏళ్లుగా తెగని పంచాయితీ

ఊపిరితిత్తుల కేన్సర్‌కు మామూలుగా 60 గ్రే దాకా రేడియేషన్ ఇస్తారు, రోజుకింత చొప్పున ఆరు వారాలపాటు. అందులో నూట ఇరవయ్యో వంతు, అంటే అర గ్రే, వైరస్ వల్ల నెమ్ము చేసి ఆక్సిజన్ మీద ఉన్న రోగి ఛాతీకి ఒకే ఒక్కసారి ఇస్తే వాపు దిగి ఊపిరాడుతుందా? 2020లో కోవిడ్‌తోపాటు కొత్తగా వినిపించిన ఈ ప్రశ్న నిజానికి చాలా పాతది. 1905లో మొదలైంది, 1940ల్లో మరుగునపడింది, 2020లో మళ్లీ లేచింది, రెండేళ్లు తిరగకుండానే మళ్లీ చల్లబడింది. రెండుసార్లూ దాన్ని పక్కకు నెట్టింది గట్టి పరీక్ష కాదు, పక్కనుంచి వచ్చిన మెరుగైన మందు. అందుకే ‘పనిచేస్తుంది’ అనేవాళ్ల దగ్గరా, ‘పనిచేయదు’ అనేవాళ్ల దగ్గరా సాక్ష్యం కంటే పట్టుదలే ఎక్కువ కనిపిస్తుంది.

ఈ వాదనలో అందరి నోటా నలిగిన మాట ఒకటుంది: ఇది చవక, పేద దేశాలకు తగిన వైద్యం అని. ఆ మాట నిలుస్తుందో లేదో ఢిల్లీలోనో అట్లాంటాలోనో కూర్చుని చూస్తే తెలియదు. జిల్లా ఆసుపత్రి నుంచి చూడాలి. అందుకే ఈ సమీక్షలో వికారాబాద్, తాండూరు పేర్లు పదేపదే వస్తాయి.

పెన్సిలిన్ రాకముందు

1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణాలను కనిపెట్టాడు. పదేళ్లకే, 1905లో, ఫిలడెల్ఫియా వైద్యులు మస్సర్, ఎడ్సాల్ వాటిని న్యుమోనియా రోగుల ఛాతీ మీద ప్రయోగించారు. అప్పట్లో వాళ్ల తర్కం వాపు గురించి కాదు. రక్త కేన్సర్ రోగులకు ఎక్స్‌రే పెడితే కణజాలం కరిగి ఒంట్లోంచి బయటికి పోవడం చూశారు. జ్వరం తగ్గినా ఛాతీలో పేరుకుపోయి కరగని నెమ్ము కూడా అలాగే కరుగుతుందేమోనని ఆశపడ్డారు. కరిగిందనే రాశారు.

అసలు ఊపు 1930ల్లో వచ్చింది. టెక్సస్‌లోని టెంపుల్ పట్టణంలో పావెల్ అనే వైద్యుడు న్యుమోనియా రోగులకు ఎక్స్‌రే ఇచ్చి, మరణాలు సుమారు 30 శాతం నుంచి 5 శాతానికి పడిపోయాయని ప్రకటించాడు. తక్కువ శక్తి యంత్రాలు కావడంతో వాటిని రోగి మంచం దగ్గరికే తోసుకుపోవచ్చు. కొన్ని గంటల్లోనే ఆయాసం తగ్గిందని, ఒకటి రెండు రోజుల్లో జ్వరం దిగిందని ఆ కాలపు నివేదికల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ కలాబ్రీస్, గౌరవ్ ధావన్ ఈ పాత కాగితాలన్నీ తిరగేసి, 15 అధ్యయనాల్లో 863 మంది రోగుల లెక్క తీసి, చాలామందికి మేలు జరిగిందని తేల్చారు. 2020లో వాదన మళ్లీ రేగినప్పుడు అందరూ చేతపట్టుకున్నది ఈ వ్యాసాన్నే. కలాబ్రీస్ చాలాకాలంగా ‘కొంచెం విషం ఒంటికి మంచిదే’ అనే సిద్ధాంతానికి గట్టి ప్రచారకుడు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని ఆయన లెక్కను చదువుకోవాలి.

863 చిన్న సంఖ్యేమీ కాదు. చిక్కు వేరే చోట ఉంది. మందులేని కాలంలో లోబార్ న్యుమోనియాకు ఒక విచిత్రమైన నడక ఉండేది. వారం పది రోజులు మండిపోయిన జ్వరం ఒక్క రాత్రిలో చెమటలు పట్టి దిగిపోయేది, లేకపోతే మనిషే పోయేవాడు. ఆరో రోజున ఎక్స్‌రే పెట్టి ఏడో రోజున జ్వరం దిగితే ఆ ఘనత ఎవరిది? రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి పోల్చడం అప్పటికి వైద్యంలో అలవాటు కాలేదు. నిరుడు చనిపోయినవాళ్లతో ఈ ఏడాది బతికినవాళ్లను పోల్చారు. నిరుటి సూక్ష్మజీవి, ఈ ఏటి సూక్ష్మజీవి ఒకటే అనే హామీ ఎక్కడా లేదు.

మన దగ్గర ఊపిరితిత్తుల వైద్యమంటే అప్పట్లో గాలి, విశ్రాంతి, మంచి తిండి. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండ మీద నిజాం కాలంలో వెలసిన క్షయ శానిటోరియం ఆ ఆలోచనకు నిలువెత్తు గుర్తు. అడవి గాలికి క్షయ తగ్గుతుందని నమ్మినవాళ్లూ, ఎక్స్‌రేకు నెమ్ము కరుగుతుందని నమ్మినవాళ్లూ ఒకే పరిస్థితిలో ఉన్నారు. చేతిలో మందు లేదు, కోలుకున్నవాళ్లు మాత్రం కళ్లముందు ఉన్నారు.

1938లో సల్ఫాపిరిడిన్ వచ్చింది, 1940ల్లో పెన్సిలిన్ అందింది. బాక్టీరియా నెమ్ముకు ఎక్స్‌రే అవసరం తీరిపోయింది. అది పనిచేయదని ఎవరూ రుజువు చేయలేదు, ఎవరికీ దానితో పని లేకుండా పోయిందంతే.

‘వైరస్ న్యుమోనియా’లో వైరస్ ఎంత?

అసలు మెలిక ఇక్కడుంది. మన ప్రశ్న వైరల్ నెమ్ము గురించి. పాత కాగితాల్లో నేరుగా దాని పేరెత్తినది 1943లో ఓపెన్‌హైమర్ అనే వైద్యుడు రాసిన నివేదిక. ‘వైరస్ న్యుమోనియా’ సోకిన 56 మందికి ఎక్స్‌రే ఇస్తే ఎక్కువమందికి త్వరగా ఉపశమనం కలిగిందని అందులో ఉంది. 2020 నాటి చాలా వ్యాసాలు దీన్ని వైరస్ మీద గెలుపుగానే ఉటంకించాయి.

కానీ 1943లో ‘వైరస్ న్యుమోనియా’ అంటే సల్ఫా మందులకు లొంగని, సన్నని ఫిల్టర్లలోంచి కూడా జారిపోయే ఏదో ఒక కారకం వల్ల వచ్చేది అని మాత్రమే అర్థం. 1944లో ఈటన్ ఆ కారకాల్లో ఒకదాన్ని వేరుచేశాడు. దాన్ని చాలాకాలం వైరసనే అనుకున్నారు. 1960ల మొదట్లోగానీ అది మైకోప్లాస్మా అనే అతిచిన్న బాక్టీరియా అని తేలలేదు. అంటే ఓపెన్‌హైమర్ రోగుల్లో ఎందరికి నిజంగా వైరస్ ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పైగా మైకోప్లాస్మా నెమ్ము చాలామందిలో దానంతటదే తగ్గిపోయే జబ్బు.

ఆ జబ్బును లొంగదీసిన మందు వెనుక ఒక తెలుగువాడున్నాడు. అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్న యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అప్పటి ‘వైరస్ న్యుమోనియా’ ఆరియోమైసిన్‌కు తగ్గడం మొదలయ్యాక ఛాతీకి ఎక్స్‌రే పెట్టాల్సిన ఆఖరి కారణం కూడా పోయింది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త చేతిమీదుగా ఈ చరిత్రలో మొదటి అంకానికి తెరపడిందని చెప్పడం అతిశయోక్తి కాదు. మన వైద్య చరిత్ర పుస్తకాల్లో ఈ ముడి కనబడకపోవడమే వింత.

జంతువుల మీద చేసిన పాత ప్రయోగాలు ఈ చిక్కును విప్పలేదు. ఎలుకలు, గినీ పిగ్‌లు, కుక్కలు, పిల్లుల మీద వేర్వేరు మోతాదుల్లో చేసిన ఆ ప్రయోగాల అంకెలను మార్క్ లిటిల్ బృందం 2021లో కొత్త గణాంక పద్ధతులతో తిరిగి లెక్కవేసింది. వ్యాధి సోకకముందే రేడియేషన్ ఇచ్చిన జంతువుల్లో మరణాలు పెరిగాయి. సోకాక ఇచ్చిన వాటిలో కొంత మేలు జరిగిన ఛాయలు కనిపించాయిగానీ, ఒక ప్రయోగానికీ ఇంకోదానికీ పొంతన కుదరలేదు.

ఆరియోమైసిన్ వచ్చాక దాదాపు డెబ్బై ఏళ్లు నిశ్శబ్దం. మధ్యలో 2009 మేలో దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది. 2015 జనవరిలో అదే స్వైన్‌ఫ్లూ తెలంగాణ ఆరోగ్య మంత్రి పదవికే ఎసరు పెట్టింది. అప్పుడు కూడా రేడియేషన్ సంగతి చర్చకు రాలేదు. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ ఉంది కదా అనుకున్నారు.

లోపల ఏం జరుగుతుందంటారు

రేడియేషన్ అంటే కణాలను చంపేది, వాపు పెంచేది అనే మనకు తెలుసు. ఎక్కువ మోతాదులో అది నిజం. కేన్సర్‌కు ఛాతీ మీద కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్నవాళ్లలో కొందరికి నెలల తర్వాత ఊపిరితిత్తులు వాచి దగ్గు, ఆయాసం వస్తాయి. ఒక గ్రేకు లోపల మాత్రం కథ తిరగబడుతుందని ప్రయోగశాల అధ్యయనాలు చెబుతున్నాయి. వాపును ఎగదోసే మాక్రోఫేజ్ కణాలు శాంతించి, మరమ్మతు చేసే రకంగా మారతాయి. తెల్లకణాలు రక్తనాళం గోడకు అంటుకుని కణజాలంలోకి చొరబడటం తగ్గుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ ఉత్పత్తి తగ్గుతుంది. తీవ్రమైన కోవిడ్‌లో రెండో వారంలో మనిషిని ముంచేది వైరస్ కంటే దాని మీద శరీరం చేసే రచ్చే కాబట్టి, ఆ రచ్చను సరిగ్గా ఛాతీలోనే అణచగలిగితే చాలు అన్నది తర్కం. స్టెరాయిడ్ ఒళ్లంతా పాకుతుంది, షుగర్ పెంచుతుంది. రేడియేషన్ గురిపెట్టిన చోటే పనిచేస్తుంది.

వినడానికి బాగుంది. జర్మనీలో మడమ నొప్పికి, కీళ్ల నొప్పులకు ఈ తక్కువ మోతాదు వైద్యం ఇప్పటికీ వాడుకలో ఉంది. అయితే 2018లో నెదర్లాండ్స్ పరిశోధకులు మోకాలి, చేతి కీళ్ల అరుగుదల ఉన్నవాళ్లలో, ఒక్కో అధ్యయనంలో యాభై పైచిలుకు మందిని తీసుకుని, సగం మందికి నిజం రేడియేషన్, మిగతావాళ్లకు ఉత్తుత్తి రేడియేషన్ ఇచ్చి చూశారు. చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎన్నో ఏళ్లుగా వాడుతున్న జబ్బులోనే, ఎవరికి ఏది ఇచ్చారో తెలియనివ్వని పరీక్ష పెడితే ఫలితం కరిగిపోయింది. ప్రయోగశాల గాజుపళ్లెంలో మాక్రోఫేజ్ శాంతించడం వేరు, రోగి లేచి నడవడం వేరు.

2020: నాలుగు ఊళ్లు, నాలుగు ఫలితాలు

2020 ఏప్రిల్‌లో కెనడా నుంచి కిర్క్‌బీ, మెకెంజీ రాసిన చిన్న వ్యాసం పాత ఆలోచనను మళ్లీ రాజేసింది. అదే నెలలో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మొదటి రోగులకు చికిత్స మొదలైంది. కొద్ది నెలల్లో పదికి పైగా ట్రయల్స్ నమోదయ్యాయి. వాటన్నిటినీ ఏకరువు పెట్టడంలో అర్థం లేదు. నాలుగింటిని పక్కపక్కన పెడితే వాదన రూపురేఖలు తెలుస్తాయి.

ఎమరీలో మొహమ్మద్ ఖాన్ బృందం మొదట ఐదుగురికి రెండు ఊపిరితిత్తులకూ కలిపి 1.5 గ్రే ఇచ్చింది. మధ్యస్థ వయసు 90. నలుగురు సగటున ఒకటిన్నర రోజుల్లో బయటి ఆక్సిజన్ అవసరం లేని స్థితికి వచ్చారు. తర్వాత పదిమందిని, అదే వయసు, అదే తీవ్రత ఉన్న మరో పదిమందితో పోల్చారు. కోలుకోవడానికి పట్టిన కాలం 12 రోజుల నుంచి 3 రోజులకు తగ్గింది. పోలిక చీటీ వేసి చేసింది కాదు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి మానాలో వైద్యులకు ముందే తెలుసు.

టెహ్రాన్‌లోని ఇమామ్ హుసేన్ ఆసుపత్రిలో అమేరీ బృందం మోతాదును అర గ్రేకు దించింది. మొదటి ఐదుగురిలో నలుగురికి మేలు కనిపించిందని రాసింది. వీళ్లు కూడా ఎక్కువగా వృద్ధులే, పోలిక గుంపు లేదు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో డి.ఎన్. శర్మ నాయకత్వంలో 2020 జూన్ నుంచి ఆగస్టు వరకు పదిమందికి 0.7 గ్రే చొప్పున ఇచ్చారు. తొమ్మిదిమంది మూడు నుంచి ఏడు రోజుల్లో కోలుకున్నారు. రక్తపోటు ఉన్న ఒక రోగి 24 రోజుల తర్వాత చనిపోయారు. వెంటనే కనిపించిన విషప్రభావం లేదన్నారు. ఇక్కడా పోలిక గుంపు లేదు. పైగా ఆ రోజుల్లో మధ్యస్థాయి కోవిడ్ రోగుల్లో ఎక్కువమంది ఏ రేడియేషనూ లేకుండానే వారం పది రోజుల్లో ఇళ్లకు వెళ్లారు. తర్వాత భారత్‌లోనే మరో రెండో దశ అధ్యయనం 25 మందికి అర గ్రే ఇచ్చి ఇలాంటి ఆశాజనక ఫలితాన్నే ప్రకటించింది.

ఇక నాలుగోది స్విట్జర్లాండ్‌లోని బాసెల్. ఈ నాలుగింటిలో చీటీ వేసి, రోగికీ వైద్యుడికీ తెలియకుండా, సగం మందికి ఉత్తుత్తి రేడియేషన్ ఇచ్చి చేసిన పరీక్ష ఇదొక్కటే. పాపక్రిస్టోఫిలు బృందం వెంటిలేటర్ మీద ఉన్న 22 మందిని తీసుకుని 11 మందికి ఒక గ్రే ఇచ్చింది. 28 రోజులకు రెండు గుంపుల్లోనూ బతికినవాళ్లు సమానం, 63.6 శాతం. వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజుల్లో తేడా లేదు. రేడియేషన్ అందుకున్నవాళ్లలో లింఫోసైట్ కణాలు మాత్రం ఎక్కువ తగ్గాయి.

ఆశావాదులు బాసెల్ ఫలితాన్ని ఒప్పుకోరు. వెంటిలేటర్ ఎక్కేసరికే చేయి దాటిపోతుందని, మందు తప్పు వేళకు వేశారని అంటారు. సంశయవాదులు మిగతా మూడింటినీ ఒప్పుకోరు. చీటీ వేసిన పోలిక లేని చోట కోలుకోవడం రుజువు కాదంటారు. ఇద్దరి మాటా సరైనదే కావడం ఈ పంచాయితీ తెగకపోవడానికి సగం కారణం. సాక్ష్యం గట్టిగా ఉన్న చోట రోగులు మరీ ఆలస్యంగా వచ్చారు, రోగులు సరైన వేళకు వచ్చిన చోట సాక్ష్యం పలచన. నా మటుకు బాసెల్ పరీక్ష ‘ఆలస్యమైతే పనికిరాదు’ అన్న ఒక్కటే చెప్పగలదనీ, అది కూడా 22 మందితో గొంతు తగ్గించి చెప్పాల్సిన మాటేననీ అనిపిస్తుంది.

ఈలోగా డెక్సామెథసోన్

2020 జూన్ 16న బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ తన ఫలితం ప్రకటించింది. 6,425 మంది రోగులు. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, పది రోజుల దాకా. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మాత్రం మరణాలు 14 నుంచి 17.8 శాతానికి పెరిగినట్టు కనిపించింది.

ఈ అంకెలు రేడియేషన్ వాదనను రెండు వైపులా కదిలించాయి. వాపును అణిస్తే మనుషులు బతుకుతారన్న మూలసూత్రం నిజమని తేలింది. అది ఆశావాదులకు బలం. కానీ ఆ పని చేసే మాత్ర ప్రతి మందుల షాపులో, కొన్ని రూపాయలకే దొరుకుతోంది. ఇక కరెంటు ఎందుకు? 1940ల కథే తిరిగి నడిచింది. అంతేకాదు, జూన్ తర్వాతి అధ్యయనాల్లో రోగులు రేడియేషన్‌తోపాటు స్టెరాయిడ్ కూడా అందుకుంటున్నారు కాబట్టి, కోలుకున్నవాడు దేనివల్ల కోలుకున్నాడో విడదీయడం ఇంకా కష్టమైంది. చిన్న అధ్యయనాల ఉత్సాహం ఎలా ఆవిరవుతుందో చూపడానికి, కోలుకున్నవాళ్ల నుంచి తీసి రోగులకు ఎక్కించిన ప్లాస్మా ఉంది. దేశమంతా దాతల కోసం వాట్సాప్‌లో వెతుకుతుండగా, భారత వైద్య పరిశోధన మండలి 39 ఆసుపత్రుల్లో 464 మందిపై చేసిన ప్లాసిడ్ ట్రయల్‌లో ప్రయోజనం కనబడలేదు. 2021 మేలో ప్లాస్మాను చికిత్సా విధానం నుంచి తీసేశారు. రేడియేషన్‌కు అంత పెద్ద పరీక్ష పెట్టినవాళ్లు లేరు.

ప్రమాదం ఎంత, ఎవరికి

2020లోనే కిర్ష్, డీన్, కుసినోటా, వైక్సెల్‌బామ్ కలిసి, ఇంత బలహీనమైన ఆధారాలతో రోగులను రేడియేషన్‌కు గురిచేయడం తగదని రాశారు. వాళ్ల భయాలు మూడు: ఏళ్ల తర్వాత కేన్సర్, గుండెకు హాని, వైరస్‌తో పోరాడుతున్న రోగనిరోధక కణాలు తగ్గిపోవడం.

మొదటిదాన్ని ముతకగా లెక్క వేయవచ్చు. అర గ్రే రెండు ఊపిరితిత్తులకూ పడితే, ఒంటిమొత్తం లెక్కలో ఊపిరితిత్తుల వాటా 0.12 కాబట్టి 60 మిల్లీసీవర్ట్‌లవుతుంది. సీవర్ట్‌కు 5 శాతం అన్న అంతర్జాతీయ ఉజ్జాయింపుతో అది వెయ్యిమందిలో ముగ్గురికి. రొమ్ము, అన్నవాహిక, ఎముక మజ్జ, గుండె మీద పడేది కలిపితే ఇంకాస్త పెరుగుతుంది. అది కూడా పదేళ్లు, ఇరవై ఏళ్ల తర్వాతి ముప్పు. ఇప్పటికిప్పుడు ఆక్సిజన్ మీద ఉన్న రోగుల్లో వందకు ఇరవై ముగ్గురు నెలలోపు పోతుంటే, డెబ్బై ఏళ్ల మనిషికి ఈ వెయ్యికి ముగ్గురు పెద్ద లెక్క కాదు. పాతికేళ్ల పిల్లకు అవుతుంది. ‘రేడియేషన్ ప్రమాదమా కాదా’ అని ఒకే మాటలో అడిగేవాళ్లకు జవాబు దొరకకపోవడానికి వయసే కారణం.

ఇదే తికమక 2021 మేలో తెలుగు నాట ప్రతి ఇంటికీ వచ్చింది. దగ్గు వస్తే చాలు, ఛాతీకి సీటీ తీయించుకుని ‘స్కోరు ఎంత?’ అని అడిగే రోజులవి. అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని, ముందుముందు కేన్సర్ ముప్పు పెరుగుతుందని హెచ్చరించారు. రేడియాలజిస్టుల సంఘం అది పాత యంత్రాల లెక్క అని ఖండించింది. ఆ గొడవలో ఎవరూ గమనించని సంగతి, ఎయిమ్స్ రేడియేషన్ అధ్యయన రచయితల్లో గులేరియా కూడా ఒకరు. ఛాతీ సీటీ ఒకటి సుమారు 5 నుంచి 7 మిల్లీసీవర్ట్‌లు. ఆయన పేరున్న అధ్యయనంలో రోగులకు ఇచ్చినది దానికి పది రెట్లకు పైమాటే. ఇందులో కపటమేమీ లేదు. కొద్దిపాటి దగ్గుకు సీటీ వల్ల వచ్చే లాభం సున్నా కాబట్టి చిన్న ముప్పు కూడా అనవసరం, ఊపిరాడని మనిషికి లెక్క వేరు. ఆ రెంటి మధ్య గీతను జనానికి అర్థమయ్యేలా చెప్పినవాళ్లే కరువయ్యారు.

వికారాబాద్ నుంచి చూస్తే

‘చవక’ అన్న మాట దగ్గరికి వద్దాం. 2016 అక్టోబరులో రంగారెడ్డి నుంచి విడిపోయి జిల్లా అయిన వికారాబాద్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల 2023లోగానీ రాలేదు. కోవిడ్ ఏళ్లలో తాండూరు జిల్లా ఆసుపత్రిలో ఉన్నవి ఫొటో తీసే ఎక్స్‌రే యంత్రాలు. ఒక ఛాతీ ఫొటోకు పడే మోతాదు సుమారు 0.1 మిల్లీగ్రే. అర గ్రే కావాలంటే ఐదువేల ఫొటోలు తీయాలి. పావెల్ కాలంలో మంచం పక్కకు తోసుకొచ్చిన రకం చికిత్సా యంత్రాలు ఎప్పుడో మూలనపడ్డాయి. ఇప్పుడు కావాల్సింది లీనియర్ యాక్సిలరేటరో కోబాల్ట్ యంత్రమో. అవి మీటరుకు పైగా మందమున్న కాంక్రీటు గోడల గదిలో, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతితో, ఫిజిసిస్టు కొలతలతో నడుస్తాయి. వికారాబాద్ రోగికి అది దొరికే ప్రభుత్వ చోటు సుమారు 75 కిలోమీటర్ల దూరంలో, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి. తాండూరు వాళ్లకు ఇంకో నలభై కిలోమీటర్లు ఎక్కువ. కర్ణాటక సరిహద్దు దాటితే కలబురగిలో కిద్వాయి సంస్థ కేన్సర్ కేంద్రం ఉంది.

చికిత్స జరిగేది రెండు నిమిషాలే. ముందునుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి, రెండు కిరణాలు. ఆ రెండు నిమిషాలకు ముందూ వెనకా జరిగేదే అసలు కష్టం. ఆక్సిజన్ సిలిండర్‌తో 108లో రెండు మూడు గంటల ప్రయాణం. కూర్చుంటే తప్ప ఊపిరాడని మనిషిని గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. కోవిడ్ వార్డుల్లో బోర్లా పడుకోబెట్టి ఆక్సిజన్ పెంచుకుంటున్న రోగులు వీళ్లు. గది తలుపు మూశాక లోపల ఎవరూ ఉండకూడదు, ఆక్సిజన్ పడిపోతే కెమెరాలో చూడాలి. పైగా ఆ బల్ల మీదికి మర్నాడు పొద్దున వచ్చేది కీమోథెరపీతో రోగనిరోధక శక్తి తగ్గిన కేన్సర్ రోగి. అంటురోగాన్ని అక్కడికి తీసుకుపోవడం ఎంతవరకు సబబన్నది ఎమరీ, బాసెల్ వ్యాసాలు చదివితే తోచని ప్రశ్న. అక్కడ ఐసీయూ, రేడియేషన్ విభాగం ఒకే ప్రాంగణంలో ఉంటాయి. రోగిని ఊళ్లు తిప్పడం ఎంత ప్రమాదమో 2020 మార్చి 10నే తెలిసింది. దేశంలో తొలి కోవిడ్ మృతుడు కలబురగి వృద్ధుడు. హైదరాబాద్ ఆసుపత్రులకు తీసుకొచ్చి, తిరిగి తీసుకెళ్తుండగా దారిలోనే ప్రాణం పోయింది.

అంటే విద్యుత్ బిల్లు, యంత్రం అరుగుదల లెక్కవేస్తే ఒక డోసు చవకే. మనిషిని అక్కడికి చేర్చే ఖర్చు, ముప్పు కలిపితే కాదు. ఎయిమ్స్ తరహా ఆసుపత్రిలో చేరినవాడికి చవకైనది, తాండూరు రోగికి అందనిది. డెక్సామెథసోన్ మండల కేంద్రంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా వెళ్లింది.

అలాగని స్టెరాయిడ్‌ను మరీ మెచ్చుకోనక్కర్లేదు. అది అంత సులువుగా దొరకడమే 2021 వేసవిలో ముప్పయింది. ఆక్సిజన్ తొంభై ఐదున్న జ్వరానికి కూడా మొదటి రోజునుంచే స్టెరాయిడ్ వేసుకున్నవాళ్లున్నారు, అది హాని చేయవచ్చని రికవరీ అంకెలు అప్పటికే చెప్పాయి. షుగర్ పెరిగి, బ్లాక్ ఫంగస్ సోకి, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ముందు బారులు తీరారు. కరెంటును ఆర్ఎంపీ తన సంచిలో వేసుకుని ఊళ్లో పంచలేడు. రేడియేషన్ పక్షం ఈ వాదనను ఎందుకో గట్టిగా వాడుకోలేదు.

ఇంకా తేలనివి

వేళ మొదటిది. ఆక్సిజన్ అవసరమై, వెంటిలేటర్ దాకా పోని నాలుగైదు రోజుల కిటికీలో ఇస్తే లాభమా? ఇప్పటిదాకా ఆశ కలిగించినవన్నీ ఈ కిటికీలోవే, గట్టి పరీక్ష లేనిది కూడా ఇక్కడే. మోతాదు మీద కూడా ఏకాభిప్రాయం లేదు. 0.35 నుంచి 1.5 గ్రే దాకా ఎవరికి తోచింది వాళ్లు ఇచ్చారు, ఇందులో నాలుగు రెట్ల తేడా ఉంది.

తర్వాతిది, స్టెరాయిడ్ ఇస్తున్నా రేడియేషన్ అదనంగా ఏమైనా చేస్తుందా అన్నది. ఆక్సిజన్ మీద ఉండి డెక్సామెథసోన్ తీసుకునేవాళ్లలో మరణాలు 23 శాతం అనుకుని, దాన్ని 18కి దించగలదో లేదో తేల్చాలంటే రెండు గుంపుల్లో కలిపి దాదాపు 2,000 మంది కావాలి. లోకంలో ఇప్పటిదాకా కోవిడ్‌కు ఛాతీ రేడియేషన్ అందుకుని అధ్యయనాలకెక్కినవాళ్లందరూ కలిసినా కొన్ని వందలే. రికవరీ ట్రయల్ ప్రొటోకాల్ రాసిన తొమ్మిది రోజులకు మొదటి రోగిని చేర్చుకోగలిగింది, బ్రిటన్ ఆసుపత్రులన్నీ ఒకే వ్యవస్థ కింద ఉన్నాయి కాబట్టి. రేడియేషన్ అధ్యయనాలు ఎక్కడికక్కడ, ఒక్కో ఆసుపత్రిలో పదీ ఇరవై మందితో మొదలై, రోగుల సంఖ్య తగ్గగానే ఆగిపోయాయి.

ఫ్లూ వల్ల వచ్చే నెమ్ముకు కోవిడ్ పాఠం వర్తిస్తుందా అన్నది ఇంకొకటి. స్టెరాయిడ్ కోవిడ్‌లో ప్రాణం పోసింది. ఫ్లూలో మాత్రం దాని పేరు అంత మంచిది కాదు, చాలా పరిశీలనల్లో మరణాలు ఎక్కువగానే కనిపించాయి. వాపును అణచడం అన్ని వైరస్‌లకూ ఒకే మేలు చేయదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు క్షయ. దేశంలో ఎంతోమంది ఛాతీలో క్షయ క్రిములు నిద్రపోతుంటాయి, వాటిని నిద్రలో ఉంచేది ఆ మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్‌లే. బాసెల్‌లో లింఫోసైట్‌లు తగ్గాయి. స్విట్జర్లాండ్‌లో దానికి పెద్ద అర్థం లేకపోవచ్చు. అనంతగిరి శానిటోరియం అవసరమైన జిల్లాలో ఉంటుంది. తాండూరు చుట్టూ నాపరాయి గనులు, పాలిష్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. రాతి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు ఫొటోలో ముందునుంచే మచ్చలతో కనిపిస్తాయి, ఏది పాత మచ్చో ఏది కొత్త నెమ్మో చెప్పడం రేడియాలజిస్టుకే కష్టం. ఇరవై ఏళ్లు రాయి కోసిన మనిషిని అలాంటి ట్రయల్‌లో చేర్చుకుంటే ఫలితం కలగాపులగమవుతుంది, క్షయ తిరగబెడుతుందేమోనని రెండేళ్లు వెంటపడి చూసుకోవాలి. పక్కన పెడితే ట్రయల్ శుభ్రంగా సాగుతుందిగానీ, వచ్చిన జవాబు ఆ మనిషికి వర్తించదు.